మంట మీద మంట, గాయం మీద గాయం: కొనసాగే డ్యామేజ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నిప్పంటుకున్న గోబ్లిన్ మీద ఇంకో మంటల సీసా పడగానే బల్ల చుట్టూ ఆట ఆగిపోయి వాదన మొదలవుతుంది. సగం వాదనలకు కారణం ఒక్కటే: ఒక ఆటలో నేర్చుకున్న రూల్‌ని ఇంకో ఆటలోకి మోసుకురావడం. అందుకే ప్రతి జవాబులోనూ ఏ ఆట గురించి చెబుతున్నామో రాశాం. ప్రధానంగా మూడు ఆటలు, మూడూ బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక పాత్ర తీసుకుని పాచికలతో ఆడేవే: డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ (2014 పుస్తకాలు, 2024 సవరణ), పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ (2019, ఆ తర్వాత 2023లో మొదలైన రీమాస్టర్), డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో ఎడిషన్ (2008). మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## దెబ్బ పడకముందు

అసలు కొనసాగే డ్యామేజ్ అంటే ఏది? ప్రతి టర్న్‌లో పడేదంతా అదేనా?

కాదు. డ్యామేజ్ అంటే హిట్ పాయింట్లలోంచి, అంటే పాత్ర ప్రాణబలంలోంచి, తగ్గే అంకె. దెబ్బ తగిలిన మనిషికే అతుక్కుని, అతను ఎటు పరిగెత్తినా వెంట వచ్చేది కొనసాగే డ్యామేజ్. ఒంటికి అంటుకున్న మంట, చర్మం మీద పడ్డ యాసిడ్, కారుతున్న రక్తం ఈ కోవలోకి వస్తాయి. ఒక చోట నిలబడి ఉన్నంతసేపే తగిలేది వేరు. ఐదో ఎడిషన్‌లో క్లౌడ్ ఆఫ్ డ్యాగర్స్ స్పెల్ (మంత్రం) అలాంటిది, ఆ చోటు నుంచి బయటికి వస్తే కత్తులు తగలవు. మొదటిదాన్ని ఆర్పాలి, రెండోదాన్నుంచి తప్పుకోవాలి. చదవగానే అది మనిషికి అంటుకుందా, నేలకు అంటుకుందా అని చూసుకుంటే సగం గందరగోళం తీరుతుంది.

ఒకే రకం డ్యామేజ్ రెండుసార్లు అంటుకుంటే కలుస్తుందా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి.

మామూలుగా కలవదు, పెద్దదే లెక్క. కాకపోతే "ఒకే రకం" అనే మాటకు ఆటను బట్టి అర్థం మారుతుంది.

నాలుగో ఎడిషన్, పాత్‌ఫైండర్ 2 డ్యామేజ్ రకాన్ని చూస్తాయి. 5 ఫైర్, 10 ఫైర్ రెండూ ఉంటే 10 మాత్రమే పడుతుంది. 5 ఫైర్, 5 యాసిడ్ ఉంటే రెండూ పడతాయి. నాలుగో ఎడిషన్‌లో రకం రాయని డ్యామేజ్‌ని కూడా ఒక రకంగానే లెక్కపెడతారు, కాబట్టి 5 ఫైర్‌తో పాటు రకం లేని 5 ఉంటే మొత్తం 10 పడుతుంది.

ఐదో ఎడిషన్ పేరును చూస్తుంది. ఒకే పేరున్న స్పెల్ లేదా ఫీచర్ (ప్రత్యేక శక్తి) రెండుసార్లు అంటుకుంటే, రెండింటి వ్యవధులు కలిసి నడిచినంతసేపు బలమైనదే పనిచేస్తుంది. పేర్లు వేరైతే రకం ఒకటే అయినా రెండూ పడతాయి. 2014 నియమాల్లో ఆల్కెమిస్ట్స్ ఫైర్ అనే మంటల సీసా మంట (1డి4, అంటే నాలుగు ముఖాల పాచిక ఒకటి), ఫైర్ ఎలిమెంటల్ అనే నిప్పు జీవి అంటించిన మంట (1డి10) ఒకే ఒంటి మీద ఉంటే అక్షరం ప్రకారం రెండూ కాలుస్తాయి. ఇదే జత పాత్‌ఫైండర్ 2లో అయితే ఒక్కటే మిగిలేది.

కలిస్తే ఏం పోయింది? ఆటకు మజానే కదా?

లెక్క వేసి చూడండి. ప్రతి టర్న్‌లో 5 డ్యామేజ్ అంటించే దాడి ఉంది, ఆర్పే మార్గం లేదు అనుకుందాం. కలవకపోతే నాలుగు టర్న్‌ల తర్వాత మొత్తం 20. కలిస్తే 5, 10, 15, 20 చొప్పున 50. ఐదో టర్న్‌కి 25 ఎక్కడ, 75 ఎక్కడ! నలుగురు ఆటగాళ్లూ అదే దాడి పట్టుకుంటే ఇక కత్తికీ బాణానికీ పనుండదు. పైగా ఆ ఆయుధం శత్రువుల చేతిలో కూడా ఉంటుంది. ఆరుగురు గోబ్లిన్లు తలా ఒక మంటల సీసాతో వచ్చిన రోజు ఆ మజా ఏపాటిదో ఆటగాళ్లకే తెలుస్తుంది.

## అంటుకున్నప్పుడు

ఇప్పటికే మండుతున్నవాడి మీద ఇంకో ఆల్కెమిస్ట్స్ ఫైర్ విసిరితే సీసా వృథాయేనా?

ఏ పుస్తకం వాడుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఐదో ఎడిషన్ 2014లో దాదాపు వృథాయే. ఆ సీసాకు తగిలిన క్షణంలో డ్యామేజ్ ఏమీ లేదు. ఇచ్చేదల్లా బాధితుడి ప్రతి టర్న్ మొదట్లో పడే 1డి4 మాత్రమే, రెండో సీసాతో అది పెరగదు.

2024 సవరణలో సేవ్ (దెబ్బ తప్పించుకోవడానికి వేసే పాచిక) తప్పినవాడికి అప్పటికప్పుడు 1డి4 ఫైర్ పడి, ఆపైన మంట అంటుకుంటుంది. మండుతూ ఉండటం ఒకే స్థితి కాబట్టి మంట రెట్టింపు కాదు, కానీ ఆ తక్షణ 1డి4 మాత్రం మళ్లీ దక్కుతుంది.

పాత్‌ఫైండర్ 2లో వృథా కాదు. చిన్న సీసా 1డి8 ఫైర్, 1 పెర్సిస్టెంట్ (కొనసాగే) ఫైర్, 1 స్ప్లాష్ (చుట్టుపక్కలకూ చిందేది) ఇస్తుంది. పెర్సిస్టెంట్ భాగం ఒక్కటే కలవదు, తక్కిన రెండూ ప్రతిసారీ పూర్తిగా తగులుతాయి.

నా మీద 1డి6 మంట ఉంది, ఇప్పుడు 4 మంట వచ్చింది. ఏది పెద్దది?

పాత్‌ఫైండర్ 2 దీన్ని జీఎంకే (ఆట నడిపేవాళ్లకే) వదిలేసింది: ఏది పెద్దదో స్పష్టంగా తెలియనప్పుడు సన్నివేశానికి నప్పేది జీఎం ఎంచుకోవాలి. సగటు చూడటం తేలికైన పద్ధతి. 1డి6 సగటు 3.5 కాబట్టి 4 ఎక్కువ, 1డి8 సగటు 4.5 కాబట్టి 4 తక్కువ. రెండు పాచికలూ వేసి పెద్దది తీసుకుందామని కొందరు అంటారు. అలా చేయకండి, రెండు మంటల్లో ఏ ఒక్కదానికన్నా దాని సగటు ఎక్కువ, కలవకూడదన్న నియమానికి దొడ్డిదారిన గండి కొట్టినట్టే. ఒకసారి నిర్ణయించి చీటీ మీద రాసి, అదే కొనసాగించండి.

ఐదో ఎడిషన్‌లో ఈ తంటా తక్కువ, ఎందుకంటే ఒకే పేరున్న ఫీచర్లకు పాచికలు చాలాసార్లు ఒకటే ఉంటాయి. 2024 పుస్తకం ప్రకారం రెండూ సమాన బలం అయితే చివరగా పడినది పనిచేస్తుంది.

పెద్దది వచ్చాక చిన్నది పూర్తిగా పోతుందా, వెనక దాక్కుని ఉంటుందా?

మూడు ఆటల్లో మూడు రకాలు.

పాత్‌ఫైండర్ 2లో పెద్దది చిన్నదాన్ని తోసేస్తుంది. ఆరిపోతే మొత్తం ఆరినట్టే.

ఐదో ఎడిషన్‌లో చిన్నది అణిగి ఉంటుంది, పోదు. దాని గడియారం నడుస్తూనే ఉంటుంది. పెద్దది ముందుగా ముగిస్తే, ఇంకా వ్యవధి మిగిలి ఉంటే చిన్నది మళ్లీ పనిలోకి దిగుతుంది.

నాలుగో ఎడిషన్‌లో రెండూ మీ మీదే ఉంటాయి, సంఖ్య మాత్రం పెద్దదే పడుతుంది. టర్న్ చివర రెండింటికీ విడివిడిగా సేవ్ వేయాలి. 10 మీద సేవ్ గెలిచి 5 మీద ఓడితే, వచ్చే టర్న్‌లో 5 పడుతుంది. "ఒక్క సేవ్‌తో రెండు మంటలూ ఆర్పేశాను" అనేవాళ్లు ఇక్కడే జారిపోతారు.

క్రిటికల్ (మామూలు కంటే గట్టిగా తగిలే దెబ్బ) పడితే కొనసాగే భాగం కూడా రెట్టింపా?

పాత్‌ఫైండర్ 2లో అవును. మామూలు డ్యామేజ్ లాగే పెర్సిస్టెంట్ కూడా దాడి ఫలితాన్ని బట్టి రెట్టింపు అవుతుంది, సేవ్ ఫలితాన్ని బట్టి సగం అవుతుంది. రెండు మినహాయింపులు గుర్తుంచుకోండి. స్ప్లాష్ రెట్టింపు కాదు. క్రిటికల్ పడితేనే వచ్చే పెర్సిస్టెంట్ డ్యామేజ్ కూడా రెట్టింపు కాదు, అది క్రిటికల్‌కి ఇచ్చిన బహుమతే కాబట్టి. చిన్న ఆల్కెమిస్ట్స్ ఫైర్ క్రిటికల్ అయితే 1 పెర్సిస్టెంట్ కాస్తా 2 అవుతుంది, స్ప్లాష్ 1గానే ఉంటుంది.

మరి గాయాలు కలుస్తాయని రాసిన ఆయుధాలు ఉన్నాయి కదా?

ఉన్నాయి. ప్రత్యేక నియమం సాధారణ నియమాన్ని మించుతుంది. ఐదో ఎడిషన్ 2014లో రెండు మంచి ఉదాహరణలు దొరుకుతాయి.

సోర్డ్ ఆఫ్ వూండింగ్: తగిలిన దెబ్బతో టర్న్‌కి ఒకసారి గాయం చేయవచ్చు. బాధితుడి ప్రతి టర్న్ మొదట్లో ఒక్కో గాయానికి 1డి4 నెక్రోటిక్ చొప్పున పడుతుంది. మూడు గాయాలుంటే 3డి4. ఆ డ్యామేజ్ పడ్డాక డీసీ 15 (పాచికతో చేరాల్సిన అంకె 15) కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేయవచ్చు, గెలిస్తే గాయాలన్నీ ఒకేసారి మూసుకుంటాయి. బాధితుడైనా, 5 అడుగుల లోపు ఉన్న ఎవరైనా ఒక యాక్షన్ (టర్న్‌లో చేసే పని) ఖర్చుచేసి డీసీ 15 మెడిసిన్ చెక్‌తో కూడా ఆపవచ్చు.

బియర్డెడ్ డెవిల్ గ్లేవ్: మొదటి గాయం టర్న్‌కి 1డి10, అదే మనిషికి మళ్లీ తగిలిన ప్రతిసారీ ఇంకో 1డి10 కలుస్తుంది. ఆపడానికి డీసీ 12 మెడిసిన్ చెక్, లేదా ఏదైనా మాయా వైద్యం చాలు.

రెండింటిలోనూ పోలిక గమనించండి. పేరుకునేటప్పుడు ఒక్కొక్కటిగా పేరుకుంటాయి, పోయేటప్పుడు ఒక్క దెబ్బతో పోతాయి. పేరుకుపోయే డ్యామేజ్ ఆటను పాడుచేయకుండా ఉండేది ఆ తలుపు ఉండబట్టే.

ఇద్దరు క్లెరిక్‌లు (దైవశక్తితో స్పెల్స్ వేసే పాత్రలు) పక్కపక్కన నిలబడి స్పిరిట్ గార్డియన్స్ (తమ చుట్టూ శత్రువుల్ని కొట్టే వలయం) వేస్తే శత్రువుకి రెండుసార్లు పడుతుందా?

ఐదో ఎడిషన్‌లో పుస్తకం మాట సూటిగా తీసుకుంటే పడదు. ఒకే స్పెల్ రెండుసార్లు వేస్తే ఫలితాలు కలవవు, వ్యవధులు కలిసి నడిచినంతసేపు బలమైనదే పనిచేస్తుంది. ఒకరు మూడో స్థాయి స్లాట్‌తో (స్పెల్‌కి ఖర్చయ్యే శక్తి; 3డి8), ఇంకొకరు ఐదో స్థాయితో (5డి8) వేస్తే, రెండు వలయాలూ కలిసే చోట 5డి8 ఒక్కటే. రెండు వలయాలు రెండు వైపులా వేసి ఎక్కువ నేల కమ్ముకోవడం తెలివైన వాడకం. వేర్వేరు పేర్లున్న స్పెల్స్ అయితే, ఒకరిది స్పిరిట్ గార్డియన్స్, ఇంకొకరిది మూన్‌బీమ్, రెండూ పూర్తిగా తగులుతాయి. సలహా అడిగితే మేం చెప్పేది ఇదే: ఇద్దరు క్లెరిక్‌లున్న జట్టులో ఒకరు స్పెల్ మార్చుకోండి.

యాసిడ్ యారో రెండు తగిలితే?

ఐదో ఎడిషన్‌లో మెల్ఫ్స్ యాసిడ్ యారో వెంటనే 4డి4, బాధితుడి తర్వాతి టర్న్ చివర 2డి4 ఇస్తుంది. వింత ఏమిటంటే దీని వ్యవధి "తక్షణం" అని రాసి ఉంటుంది. కలవకూడదన్న నియమం వ్యవధులు కలిసి నడిచినప్పటి గురించి, ఇక్కడ వ్యవధే లేదు. అందుకని రెండు బాణాల 2డి4 లనూ పడనివ్వడమే సబబు. ఒక్క టర్న్‌తో అయిపోయేదానికి ఆట తూకమేమీ చెడదు.

పాత్‌ఫైండర్ 2లో యాసిడ్ యారో 3డి8తో పాటు 1డి6 పెర్సిస్టెంట్ యాసిడ్ అంటిస్తుంది. ఒంటి మీద ఇంకో యాసిడ్ ఉంటే పెద్దదే మిగులుతుంది.

ఒకే విషం రెండోసారి ఎక్కితే ఇదే రూలా?

కాదు, విషం లెక్క వేరు. పాత్‌ఫైండర్ 2లో దశలున్న విషం అఫ్లిక్షన్ కిందికి వస్తుంది. అదే విషం మళ్లీ ఎక్కినప్పుడు మొదటి సేవ్ ఓడితే దశ 1 పెరుగుతుంది, ఘోరంగా ఓడితే 2 పెరుగుతుంది. మొత్తం వ్యవధి పెరగదు. శాపాలకూ రోగాలకూ ఇది వర్తించదు, ఉన్న రోగమే మళ్లీ సోకితే కొత్తగా ఏమీ కాదు. 2009 నాటి మొదటి పాత్‌ఫైండర్‌లో ప్రతి అదనపు మోతాదుకూ డీసీ 2 పెరిగి, వ్యవధి సగం పెరుగుతుంది. "పాయిజన్" అని రాసిన పెర్సిస్టెంట్ డ్యామేజ్ మాత్రం దశలున్న విషం కాదు, అది మంటలాంటిదే, పెద్దదే మిగులుతుంది.

నాలుగు స్టిర్జ్‌లు (దోమలాంటి పురుగులు) అంటుకుని రక్తం పీలుస్తున్నాయి. ఒకటే లెక్కా?

ఐదో ఎడిషన్‌లో పేరు నియమాన్ని పట్టుకుని ఒకటే లెక్కని వాదించే న్యాయవాదులు ప్రతి బల్లకూ ఒకరుంటారు. స్టిర్జ్ తన సొంత టర్న్ మొదట్లో 1డి4+3 పీలుస్తుంది, అది ఒంటికి అంటుకున్న స్థితి కాదు, ఆ పురుగు చేసే పని. నాలుగు దోమలు కుడితే నాలుగు చోట్ల రక్తం పోతుంది. నాలుగూ లెక్కే.

## టర్న్ తిరిగినప్పుడు

డ్యామేజ్ టర్న్ మొదట్లో పడాలా, చివర్లోనా?

నాలుగో ఎడిషన్‌లో మొదట్లో, సేవ్ చివర్లో. పాత్‌ఫైండర్ 2లో రెండూ చివర్లోనే: ముందు డ్యామేజ్, ఆ వెంటనే ఫ్లాట్ చెక్ (ఏదీ కలపకుండా వేసే 20 ముఖాల పాచిక). మొదటి పాత్‌ఫైండర్ బ్లీడ్ (రక్తం కారే డ్యామేజ్) టర్న్ మొదట్లో. ఐదో ఎడిషన్‌లో ఉమ్మడి నియమం లేదు, ఆయా స్పెల్ లేదా వస్తువు వివరణలో ఉన్నదే వేదం. ఎక్కువ భాగం టర్న్ మొదట్లోనే.

ఏ ఆటలోనైనా లెక్క బాధితుడి టర్న్‌ది, అంటించినవాడిది కాదు. కొత్త డీఎంలు (డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో జీఎంలకు పేరు) ఎక్కువగా తప్పేది ఇక్కడే.

తేడా చిన్నదిగా కనిపించినా ఆటను మారుస్తుంది. చివర్లో పడితే బాధితుడికి ముందు ఒక పూర్తి టర్న్ ఉంటుంది, నీళ్లలో దూకవచ్చు, మందు తాగవచ్చు. మొదట్లో పడితే లేచేలోపే దెబ్బ.

ముందు డ్యామేజా, ముందు సేవా?

వాక్యంలో ఏది ముందుంటే అది ముందు. ఐదో ఎడిషన్ సియరింగ్ స్మైట్ స్పెల్ ఒక్కటి చూస్తే చాలు. 2014 రూపంలో టర్న్ మొదట్లో ముందు సేవ్, ఓడితేనే 1డి6. 2024 రూపంలో ముందు 1డి6 పడుతుంది, ఆ తర్వాత సేవ్. అదే పేరు, అదే పాచిక, కానీ కొత్తదానిలో కనీసం ఒకసారి కాలక తప్పదు. రెండు పుస్తకాలూ కలిపి ఆడే బల్లల్లో ఏ రూపం వాడుతున్నారో ముందే తేల్చుకోండి.

ఒకే క్షణంలో రెండు మూడు పడాల్సి ఉంటే, ఐదో ఎడిషన్‌లో ఆ టర్న్ ఎవరిదో వాళ్లే వరుస నిర్ణయిస్తారు. రాక్షసుల విషయంలో అది డీఎం. ఈ మాట 2017లో వచ్చిన గ్జానథార్స్ గైడ్‌లో ఐచ్ఛికంగా ఉండేది, 2024లో మూల పుస్తకంలోకి వచ్చింది.

రెసిస్టెన్స్ (డ్యామేజ్‌ని తగ్గించేది), వీక్‌నెస్ (పెంచేది) ప్రతిసారీ లెక్కపెట్టాలా?

ప్రతిసారీ, విడివిడిగా.

ఐదో ఎడిషన్‌లో రెసిస్టెన్స్ సగం చేసి కిందికి గుండ్రం చేస్తుంది. 3 పడితే 1, 1 పడితే 0. అందుకే 1డి4 మంటలు రెసిస్టెన్స్ ఉన్నవాడిని దాదాపు తాకవు.

పాత్‌ఫైండర్ 2లో మొదటి దెబ్బకు ఒకసారి, పెర్సిస్టెంట్ భాగానికి ప్రతి టర్న్ ఒకసారి తీసేయాలి. రెసిస్టెన్స్ 5 ఉన్నవాడికి 1డి4 మంట అసలు అంటుకోనట్టే. వీక్‌నెస్ దగ్గర మాత్రం కథ తిరగబడుతుంది. ఫైర్ వీక్‌నెస్ 5 ఉన్న రాక్షసి మీద 1 మంట అంటించండి, ప్రతి టర్న్ 6 పడుతుంది. చిన్న సీసాతో ఇంత లాభం ఇంకెక్కడా దొరకదు.

బ్లీడ్ గురించి ఒక్క ముక్క: పాత్‌ఫైండర్ 2లో అది భౌతిక డ్యామేజ్ కిందికి వస్తుంది, భౌతిక రెసిస్టెన్స్ పనిచేస్తుంది. రక్తంతో పనిలేని జీవులకు, అస్థిపంజరాలకు, అసలు పడదు.

మూడు మంటలుంటే కాన్సంట్రేషన్ సేవ్ (నడుస్తున్న స్పెల్ చెదరకుండా వేసేది) మూడుసార్లా?

ఐదో ఎడిషన్‌లో అవును. ప్రతి మూలానికీ ఒక సేవ్, డీసీ 10 లేదా డ్యామేజ్‌లో సగం, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. పాచికకు +2 కలుపుకునే విజార్డ్‌కి (మంత్రగాడికి) డీసీ 10 గెలిచే అవకాశం 65%. రెండు సేవ్‌లు వరుసగా గెలవాలంటే 42%, మూడైతే 27%. కాబట్టి శత్రు మంత్రగాడిని చెదరగొట్టాలంటే ఒక పెద్ద మంట కంటే పేర్లు వేరైన మూడు చిన్న మంటలు మేలు. పాత్‌ఫైండర్ 2లో ఈ ఎత్తు పారదు, అక్కడ పెర్సిస్టెంట్ రకాలన్నీ ఒకేసారి పడినట్టు లెక్క, డ్యామేజ్ తగిలితే జరిగేది ఏదైనా ఒక్కసారే జరుగుతుంది.

మండుతున్న ట్రోల్ మళ్లీ ఎందుకు కోలుకుంది?

ఐదో ఎడిషన్ 2014 ట్రోల్ టర్న్ మొదట్లో 10 హిట్ పాయింట్లు తిరిగి పొందుతుంది. ఫైర్ లేదా యాసిడ్ తగిలితే దాని తర్వాతి టర్న్ మొదట్లో ఆ శక్తి పనిచేయదు. ఆ పుస్తకం ప్రకారం ఆల్కెమిస్ట్స్ ఫైర్ మొదటిసారి కాల్చేదే ట్రోల్ టర్న్ మొదట్లో. ఆ టర్న్ అప్పటికే మొదలైంది, కాబట్టి ఈసారి కోలుకుంటుంది, ఆ పై టర్న్ నుంచి ఆగుతుంది. సున్నా దగ్గర టర్న్ మొదలుపెట్టి కోలుకోలేకపోతేనే ట్రోల్ చస్తుంది. సీసా ఒక రౌండ్ ముందే విసరండి, కత్తితో పొడవడం ఆ తర్వాతే.

పాత్‌ఫైండర్ 2 ట్రోల్‌కి ఈ సందు లేదు. మంట దాని టర్న్ చివర తగిలి, తర్వాతి టర్న్ చివరి వరకూ కోలుకోవడాన్ని ఆపుతుంది, అప్పటికి మళ్లీ మంట తగులుతుంది.

## ఆర్పేటప్పుడు

సగటున ఎన్ని టర్న్‌లు మండుతుంది?

పాత్‌ఫైండర్ 2లో ఫ్లాట్ చెక్ డీసీ 15. డి20 మీద 15 నుంచి 20 వరకూ, అంటే 30%. సగటున 3.3 సార్లు డ్యామేజ్ పడుతుంది. 1డి6 మంట మొత్తం మీద దాదాపు 12 తింటుంది. మూడు చెక్‌ల తర్వాత కూడా మండుతూ ఉండే అవకాశం 34%, ఐదు తర్వాత 17%. ఎవరూ పట్టించుకోకపోయినా మామూలుగా ఒక నిమిషానికి దానంతటదే ఆరుతుంది, ఎప్పుడన్నది జీఎం ఇష్టం. వేర్వేరు రకాలుంటే ఒక్కోదానికి ఒక్కో చెక్.

నాలుగో ఎడిషన్‌లో 10 లేదా ఎక్కువ పడితే సేవ్ గెలిచినట్టు, 55%. సగటున 1.8 సార్లు పడుతుంది, 5 డ్యామేజ్ అయితే మొత్తం 9. ఎలైట్ (మామూలు కంటే బలమైన) రాక్షసులకు సేవ్ మీద +2, సోలోలకు (ఒక్కటే జట్టంతటితో తలపడేవాటికి) +5, వాటి మీద మంట నిలవదు.

పక్కనున్నవాడు ఎలా సాయం చేయాలి?

పాత్‌ఫైండర్ 2లో రెండు యాక్షన్లు ఖర్చుపెట్టాలి. సాయం ఎంత నప్పిందో చూసి జీఎం మూడింట్లో ఒకటి ఇస్తారు: వెంటనే ఇంకో ఫ్లాట్ చెక్, లేదా డీసీ 15 నుంచి 10కి తగ్గింపు (30% కాస్తా 55%), లేదా పూర్తిగా ఆగిపోవడం. మండుతున్నవాడిని చెరువులో ముంచితే చెక్ ఎందుకు? దుప్పటి కప్పితే డీసీ 10 ఇవ్వండి. చేత్తో తట్టితే ఒక చెక్ చాలు.

ఐదో ఎడిషన్ 2014లో ఆల్కెమిస్ట్స్ ఫైర్‌కి ఒక యాక్షన్, డీసీ 10 డెక్స్‌టెరిటీ చెక్. 2024లో మండుతున్నవాడు యాక్షన్ వాడి నేల మీద పడి దొర్లితే చెక్ లేకుండానే ఆరుతుంది, పడిపోయిన స్థితి మాత్రం మిగులుతుంది. నాలుగో ఎడిషన్‌లో డీసీ 15 హీల్ చెక్ గెలిస్తే పక్కవాడు అప్పుడే ఒక సేవ్ వేసుకోవచ్చు.

హీలింగ్ ఇస్తే రక్తం ఆగుతుందా?

మొదటి పాత్‌ఫైండర్‌లో ఒక్క పాయింట్ నయంచేసే స్పెల్ అయినా ఆపుతుంది, లేదా డీసీ 15 హీల్ చెక్. పాత్‌ఫైండర్ 2లో హిట్ పాయింట్లు పూర్తిగా నిండితేనే బ్లీడ్ దానంతటదే ఆగుతుంది. పాత ఆట నుంచి వచ్చినవాళ్లు ఒక చిన్న హీల్ వేసి ఊపిరి పీల్చుకుంటారు, టర్న్ చివర మళ్లీ రక్తం కారుతుంది. ఐదో ఎడిషన్‌లో ఆయుధాన్ని బట్టి: బియర్డెడ్ డెవిల్ గాయం మాయా వైద్యంతో మూసుకుంటుంది, సోర్డ్ ఆఫ్ వూండింగ్ గాయం మూసుకోదు.

## సున్నాకి పడిపోయాక

ఐదో ఎడిషన్‌లో స్పృహ తప్పినవాడు మండుతుంటే?

సున్నా దగ్గర ఏ డ్యామేజ్ తగిలినా ఒక డెత్ సేవ్ (చావు తప్పించుకోవడానికి వేసేది, మూడు ఓడితే చావు) ఓడినట్టు. ఎంత తగిలిందన్నది కాదు, ఎన్నిసార్లు తగిలిందన్నదే లెక్క. పేర్లు వేరైన రెండు మంటలుంటే టర్న్ మొదట్లోనే రెండు ఓటములు. అదే టర్న్ మొదట్లో వేసే డెత్ సేవ్ కూడా 10 కంటే తక్కువ పడితే మూడోది, మనిషి పోయినట్టే. ఒక్క రౌండ్‌లో, శత్రువు ఎవరూ ముట్టుకోకుండా. ఈ ఆటలో మంట ఆర్పడానికి వెచ్చించే యాక్షన్ ఎప్పుడూ దండగ కాదు.

పాత్‌ఫైండర్ 2లో?

డైయింగ్ 1తో (చావుకు ఎంత దగ్గరో చెప్పే అంకె) పడ్డాడనుకోండి. టర్న్ మొదట్లో రికవరీ చెక్, డీసీ 11. ఓడితే డైయింగ్ 2. టర్న్ చివర రక్తం కారి డైయింగ్ 3. ఎన్ని రకాల పెర్సిస్టెంట్ ఉన్నా ఒక్కటే పెరుగుతుంది, అంతవరకు నయం. తర్వాతి టర్న్‌లో మళ్లీ ఓడితే 4, చావు. రెండే టర్న్‌లు.

ఇంకో ఉచ్చు ఉంది. హీల్ వేసి లేపారు, రక్తం ఆపలేదు. టర్న్ చివర ఆ కొద్ది పాయింట్లూ కారిపోతే, ఇప్పటికే వూండెడ్ 1 (ఒకసారి పడి లేచిన గుర్తు) ఉంది కాబట్టి ఈసారి నేరుగా డైయింగ్ 2తో పడతాడు. లేపేవాడికి చేతనైతే ఎక్కువ పాయింట్లు ఇవ్వాలి, లేదంటే ఇంకొకరు ఆ టర్న్ లోపే గాయం కట్టాలి.

## బల్ల దగ్గర

ఇవన్నీ ఎవరు గుర్తుపెట్టుకోవాలి? ప్రతిసారీ మర్చిపోతున్నాం.

బాధితుడి ఆటగాడే పెట్టుకోవాలి, రాక్షసుల మీద ఉన్నవి అంటించిన ఆటగాడు పెట్టుకోవాలి. డీఎం నెత్తిన అన్నీ వేస్తే ఖాయంగా మర్చిపోతారు. ఒక చీటీ మీద ఐదే విషయాలు: పేరు, రకం, ఎంత, ఎప్పుడు పడుతుంది, ఎలా పోతుంది. ప్లాస్టిక్ సీసా మూత కింద ఉండే రింగు మినియేచర్ మెడలో వేస్తే చాలు, ఎరుపు మంటకు, ఆకుపచ్చ యాసిడ్‌కి. ఫౌండ్రీలో (ఈ ఆటలు కంప్యూటర్ మీద ఆడే సాఫ్ట్‌వేర్) పాత్‌ఫైండర్ 2 ఆడేవాళ్లకు టర్న్ చివర పెర్సిస్టెంట్ డ్యామేజ్‌ని అదే ముందుకు తెస్తుంది.

మర్చిపోయిన డ్యామేజ్ గురించి: అదే రౌండ్‌లో గుర్తొస్తే వేయండి, రౌండ్ దాటితే వదిలేయండి. మూడు టర్న్‌ల బాకీ ఒకేసారి వసూలుచేసి మనిషిని చంపితే ఆ సాయంత్రం పాడైపోతుంది.

మా బల్ల మీద కలిసేలా ఇంటి రూల్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ సంఖ్యలు కూడొద్దు. అదే రకం మళ్లీ అంటుకుంటే పాచిక ఒక మెట్టు పెంచండి: 1డి4, 1డి6, 1డి8, 1డి10, అక్కడితో ఆపండి. సగటు 2.5 నుంచి 5.5కే చేరుతుంది, హద్దు దాటదు. ఒక్క చెక్ గెలిస్తే మొత్తం పోవాలి. ఐదో ఎడిషన్‌లో ఇలా చేస్తే పేరు బదులు రకం చూడాలని కూడా అదే రోజు తేల్చుకోండి, లేకపోతే 1డి10 మంట పక్కనే ఫైర్ ఎలిమెంటల్ మంట ఇంకో 1డి10 వచ్చి కూర్చుంటుంది. మొదటి పరీక్ష ఆటగాళ్ల మీద కాకుండా రాక్షసుల మీద చేయండి.